బయల్దేరినవాణ్ణి వెనక్కి పిలవకూడదట

మా తమ్ముడి హెల్మెట్ తలకి తప్ప అన్నిటికీ పనికొచ్చేది. అవనిగడ్డ మార్కెట్ నుంచి దొండకాయలు అందులోనే పోసుకొచ్చేవాడు. వాన పడితే సెల్‌ఫోను అందులో పెట్టి పైన రుమాలు కప్పేవాడు. మిగతా వేళల్లో అది వాడి మోచేతికి వేలాడుతుండేది. చల్లపల్లి సెంటర్ కనుచూపు మేరకి రాగానే మోచేతి నుంచి తలకెక్కేది, ఊరు దాటగానే మళ్ళీ మోచేతికి దిగేది. పోలీసులున్న చోటే మనిషికి తల ఉంటుందన్నట్టు! ఇదేం చోద్యంరా అని అడిగితే నవ్వేవాడు.

"అక్కా, దివిసీమలో నన్నెరగనివాడెవడే? ఎవడాపుతాడు నన్ను?"

"ఆపేది మనుషులొక్కళ్ళే కాదురా."

"అబ్బా, బళ్ళో పాఠాలు బళ్ళోనే ఉంచవే తల్లీ" అని బండి స్టార్ట్ చేసేవాడు.

లైసెన్సు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాళ్ళు నేలకి సరిగ్గా అందని వయసులో నాన్న మోపెడ్ తీసుకుని కరకట్ట మీద నేర్చుకున్నాడు. ఆ మోపెడ్ పాతసామాన్లవాడికి పోయింది, దాని తర్వాత ఎన్నో బళ్ళు మారాయి, ఎరువుల కొట్టు పెట్టాడు, పెళ్ళయింది, లైసెన్సు మాత్రం రాలేదు. మా వైపు అది లేకపోవడం లోటు కిందకి రాదు. చేప ఈతకి కాగితం అడుగుతారా అనేవాడు. పక్కన కూర్చున్నవాళ్ళంతా ఆ మాటకి తలలూపేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అయినా సెలవులొస్తే బందరు నుంచి నన్ను పుట్టింటికి తీసుకెళ్ళేది వాడే, వాడి బండి మీదే. దారంతా కబుర్లు చెబుతూ తల వెనక్కి తిప్పుతుంటే నేను వీపు మీద గుద్దుతూ కూర్చునేదాన్ని.

ఆ ఏడు కార్తీకం చివర్లో నేను పుట్టింట్లో ఉన్నాను. గుడివాడలో వాడి స్నేహితుడి గృహప్రవేశం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు తడిపి, అద్దం ముందు చాలాసేపు నిలబడి దువ్వుకున్నాడు. "గృహప్రవేశం మీది కాదండీ" అని మా మరదలు వేళాకోళమాడింది. శుభకార్యానికి వెళ్తున్నాడు కాబట్టి అమ్మ అన్నీ పద్ధతిగా జరిపించింది. వర్జ్యం పోయేదాకా కదలనివ్వలేదు. తర్వాత నీళ్ళ చెంబు పట్టుకుని వాకిట్లోకి ఎదురొచ్చింది. వాడు బండెక్కి వెళ్ళాక చూశాను, హెల్మెట్ అరుగు మీదే ఉంది.

దాన్ని తీసుకుని గేటు దాకా పరుగెత్తాను. వాడింకా వీధి మలుపు తిరగలేదు. గేదెలు అడ్డమొస్తే ఒక కాలు కింద పెట్టి ఆగాడు. గొంతెత్తి పిలిస్తే వినబడే దూరం. నోరు తెరిచేసరికి అమ్మ వెనకే వచ్చి నా భుజం గట్టిగా పట్టుకుంది.

"పిలవకే. బయల్దేరినవాణ్ణి వెనక్కి పిలుస్తారా ఎవరన్నా?"

"హెల్మెట్ మర్చిపోయాడమ్మా."

"అయితే ఏవైంది? పట్టుకుంటే ఫైను కడతాడు. శుభమా అని వెళ్తుంటే అపశకునం దేనికి?"

మా ఇంట్లో ఈ పట్టింపు చాలా గట్టిది. ఎక్కడికని అడక్కూడదు, వెనక నుంచి కేకెయ్యకూడదు. పొరపాటున పిలిస్తే మనిషి లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. అంటే విరుగుడు కూడా ఉంది. ఆ మాత్రం మంచినీళ్ళకి వాడు విసుక్కునేవాడు కాదు. కానీ హెల్మెట్ మా దృష్టిలో జరిమానాకి సంబంధించిన వస్తువు. ప్రాణానికి సంబంధించినవి వేరే ఉన్నాయి, వర్జ్యం, తుమ్ము, ఎదురు, వెనక పిలుపు. వాటిలో దేనికీ అమ్మ లోటు రానివ్వలేదు. గేదెలు వెళ్ళిపోయాయి, వాడూ వెళ్ళిపోయాడు.

మరదలు ఫోన్ చేసి చూసింది. బండి మీద ఉంటే ఎత్తడు. ఆ ఒక్క నియమం మాత్రం పాటించేవాడు.

కూచిపూడి దాటాక జరిగింది. కోతలు మొదలైన రోజులు. మా డెల్టాలో ఆ రోజుల్లో తారు రోడ్డు సగం బళ్ళకి, సగం ధాన్యానికి. ఓ పక్కంతా ఆరబోసి, రాత్రి మంచుకి తడవకుండా బరకాలు కప్పి, అవి ఎగిరిపోకుండా అంచుల వెంట రాళ్ళు పెడతారు. ధాన్యం బస్తాలకెత్తాక రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. మా తమ్ముడికి ఎదురుగా బస్సు వచ్చింది. వాడు ఎడమకి జరిగాడు. ముందు చక్రం రాయెక్కింది.

ఆ రాయి పెట్టిన రైతే వాణ్ణి ఎత్తి ఆటోలో పామర్రు దాకా, అక్కణ్ణించి అంబులెన్సులో విజయవాడ చేర్చాడు. మేం వెళ్ళేసరికి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూడగానే లేచి చేతులు జోడించాడు.

"ఒక్క మూరెడు అవతల పడ్డా పక్కవాళ్ళ ధాన్యం మీద పడేవాడమ్మా. మెత్తగా పడేవాడు. రాయి నాదేనండీ. పొద్దున్నే తీద్దామనుకున్నానండీ" అని ఏడ్చాడు.

అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మా ధాన్యమూ ఏటా రోడ్డు మీదే ఆరుతుంది. మా రాళ్ళు పేర్చేది మా తమ్ముడే. వాటిని ఎవరు తీస్తారో, అసలు తీస్తారో లేదో, నేను ఎన్నడూ అడగలేదు, ఇంట్లో ఎవరూ అడగలేదు.

భుజం ఎముక విరిగింది, అది చిన్న సంగతి. దెబ్బ తలకి తగిలింది. ఆపరేషన్ చేసిన డాక్టరు కుర్రవాడే, కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు. హెల్మెట్ ఉంటే చేతికి కట్టుతో ఇంటికెళ్ళిపోయేవాడమ్మా అన్నాడు. లైసెన్సు ఏదని కానిస్టేబులు అడిగితే అమ్మ తెల్లబోయింది. "చిన్నప్పట్నించీ తోలుతున్నాడు నాయనా, వాడికి లైసెన్సెందుకు?" అంది. ఆయన అమ్మ ముఖం చూసి ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట, తలరాత. ఎవరేం చెయ్యగలరు, తలరాత. వాళ్ళలో సగం మంది హెల్మెట్లు బండి అద్దానికి తగిలించి లోపలికొచ్చినవాళ్ళే. రాసింది తలమీదే అయితే ఆ తలనన్నా కాస్త భద్రంగా ఉంచుకోవద్దా అని ఒకాయన్ని మొహం మీదే అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ అనుకున్నాను.

వాడు బతికాడు. లేచి కూర్చున్నాడు, నడిచాడు, పప్పన్నం కలుపుకుని తిన్నాడు. గండం గడిచిందని ఊరు ఊరంతా సంతోషించింది. మొదట్లో ఎవరినీ గుర్తుపట్టలేదు. ఇంటికొచ్చాక మెల్లమెల్లగా మరదలు గుర్తొచ్చింది, అమ్మ గుర్తొచ్చింది, కొట్టు గుర్తొచ్చింది. రోజూ కళ్ళముందు తిరిగేవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే వాడిలోకి తిరిగొచ్చారు. బందర్లో ఉండే నేను మిగిలిపోయాను.

అక్క ఉందని వాడికి తెలుసు. సన్నగా, పొడుగు జడతో, బందర్లో కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన అక్క. కళ్ళద్దాలతో, నెరిసిన జుట్టుతో వచ్చే నేను ఎవరో తెలీదు. నన్ను చూడగానే లేచి కుర్చీ జరిపి, "కూర్చోండి, కాఫీ తాగుతారా?" అంటాడు. మాట వచ్చిన దగ్గర్నించీ నన్ను "ఏవే" అన్నవాడు. నా పెళ్ళిలో కూడా అందరిముందూ "ఏవే, ఏడవకే" అన్నవాడు. వాడి నోట ఆ "అండీ" వింటే గుండె కోసేసినట్టుంటుంది. మర్యాద అంత బాధ పెడుతుందని నాకు అంతకుముందు తెలీదు. ఒకసారి ఉండబట్టలేక, నేనే రా నీ అక్కని అని వాడి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాను. వాడు బెదిరిపోయి మరదలి వైపు చూశాడు. తర్వాత నన్ను నొప్పించడం ఇష్టం లేక, "అలాగేనండీ" అన్నాడు. బలవంతపెట్టొద్దనీ, కనబడుతూ ఉండమనీ, జ్ఞాపకం తిరిగి రావచ్చనీ డాక్టరు చెప్పాడు. రావచ్చు అన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఆదివారం ఆదివారం వెళ్ళడం మొదలుపెట్టాను.

తీసుకెళ్ళడానికి ఎవరూ లేరు కాబట్టి స్కూటరు నేర్చుకుందామనుకున్నాను. అమ్మ విని లబలబలాడింది. ఈ ఇంట్లో ఇంకొకళ్ళు బండెక్కడానికి వీల్లేదంది. బస్సులు లేవా అంది. ఉన్నాయి, చల్లపల్లిలో మారుతూ వెళ్ళొచ్చు. కానీ నాకు కసిగా ఉంది. తప్పు బండిదన్నట్టు అందరూ మాట్లాడుతుంటే భరించలేకపోయాను. పద్ధతిగా నేర్చుకుని, పద్ధతిగా కాగితం తెచ్చుకుని, పద్ధతిగా నడిపి చూపిస్తానని పంతం పట్టాను.

లైసెన్సులిచ్చే ఆఫీసు పక్కన టీకొట్టు దగ్గర ఒక బ్రోకరు తగులుకున్నాడు. "మీరు రానక్కర్లేదు మేడమ్, సంతకం పెట్టండి చాలు. ఈ వయసులో ఎనిమిది అంకె చుట్టూ తిరగడం దేనికి, నేను చూసుకుంటా" అన్నాడు. పిల్లలు చూచిరాతలు రాస్తే ఎలా చూస్తానో అలా చూశాను. నాలుగడుగులు వెనక్కి వేశాడు. పరీక్షలో మాత్రం ఎనిమిది మధ్యలో కాలు కింద పెట్టేశాను. జన్మంతా పిల్లల్ని ఫెయిల్ చేసినదాన్ని, నా స్టూడెంట్ల వయసువాళ్ళ ముందు ఫెయిలై తలొంచుకుని ఇంటికొచ్చాను. మళ్ళీ సాధన చేసి, మళ్ళీ వెళ్ళి, కాలు పెట్టకుండా తిప్పాను. ముడి హెల్మెట్‌లో పట్టకపోతే ముడి మానేసి జడ వేసుకున్నాను.

అమ్మ నా దగ్గర ఆ ఉదయం సంగతి ఒక్కసారే ఎత్తింది. పప్పులో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా అడిగింది.

"నేను పట్టుకోకపోతే పిలిచేదానివి కదే?"

"అప్పటికే దూరం వెళ్ళిపోయాడులేమ్మా" అన్నాను.

వెళ్ళలేదని ఇద్దరికీ తెలుసు. అమ్మ ఆ పప్పే మళ్ళీ మొదటి నుంచీ ఏరింది.

ఇప్పుడు అమ్మ సాయంత్రాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎవరు బండి మీద వెళ్ళినా వెనక నుంచి కేకేస్తుంది. "ఒరేయ్ అబ్బాయ్, నెత్తిన ఏదిరా?" అంటుంది. పరీక్షకెళ్ళేవాళ్ళనీ వదలదు, పెళ్ళిచూపులకెళ్ళేవాళ్ళనీ వదలదు. ఊళ్ళోవాళ్ళకి ఇది మహా చెడ్డ శకునం. కొందరు ఆవిడ కంట పడకుండా చుట్టుతిరిగి పక్కవీధిలోంచి వెళ్తున్నారట. ఒకాయన ఇంటికొచ్చి నిష్ఠూరమాడాడు.

"మంచి పనిమీద వెళ్తుంటే వెనక్కి పిలుస్తారేంటి పిన్నిగారూ, మీకు తెలీనిదా?"

"మావాడూ మంచి పనిమీదే వెళ్ళాడు నాయనా" అంది అమ్మ.

ఆయన లేచి బండి దగ్గరికి నడిచాడు. అయితే హెల్మెట్ మాత్రం పెట్టుకోలేదు, అద్దానికి తగిలించుకునే వెళ్ళాడు. మా ఊరు అంత తేలిగ్గా మారే ఊరు కాదు.

మొన్న ఆదివారం భోజనాలయ్యాక నేను తిరుగు ప్రయాణమయ్యాను. తమ్ముడు ఆ రోజు బాగున్నాడు. నాతో పంటల గురించీ, యూరియా దొరక్కపోవడం గురించీ చాలాసేపు మాట్లాడాడు. కొట్టుకొచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు, గౌరవంగా. స్కూటరు బయటికి తీసి హెల్మెట్ పెట్టుకుంటుంటే అరుగు దిగి మెల్లగా నడిచి నా ముందుకొచ్చాడు.

"పట్టీ పెట్టుకోలేదండీ మీరు."

పెట్టుకోబోతున్నానని చెప్పలేదు. చేతులు దించేసి నిలబడ్డాను. నా గడ్డం కింద వాడి వేళ్ళు తడబడ్డాయి. క్లిప్పు ఒక పట్టాన పడలేదు. కనుబొమలు ముడిచి, పెదవి కొరుక్కుంటూ, చిన్నప్పుడు నా చెప్పుల బకిల్ పెడతానని కూర్చున్నప్పటి ముఖంతోనే పెట్టాడు. పడ్డాక లాగి చూసుకున్నాడు.

"తలకి దెబ్బ తగిల్తే మనుషులు గుర్తుండరండీ. నాకు తగిలింది" అన్నాడు.

"అవునండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మీరు బందరేగా వెళ్ళేది? అక్కడ మా అక్కుందండీ, బళ్ళో టీచరు. నాకు దెబ్బ తగిలిన దగ్గర్నించీ ఒక్కసారీ రాలేదు. కబురు అందలేదేమో. లేకపోతే ఆగే మనిషి కాదండీ అది. కనబడితే ఓసారి రమ్మన్నానని చెప్పండి."

గుమ్మంలో అమ్మ, మరదలు నిలబడి ఉన్నారు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనే అక్కనని చెప్పాలని ఉంది. చెబితే మళ్ళీ బెదురుతాడు, మళ్ళీ "అలాగేనండీ" అంటాడు.

"చెప్తానండీ" అన్నాను. "తప్పకుండా వస్తుంది."