టీటీ బండి ఎంచిన డ్రిల్లు సారు

మా ఎదురింటి డ్రిల్లు సారు పోయారు. నేను వాకిలి ఊడుస్తుంటే ఆయన భార్య గేటు పట్టుకొని, “వదినా, జర రా. మీ తమ్ముడు లేస్తలేడు” అన్నది. సారు నన్ను అక్కా అని పిలిచేవారు, అందుకని ఆమె అట్లా అంటుంది. చీపురు ఎక్కడ పడేశానో నాకే తెలియదు. సారు గోడవైపు తిరిగి పడుకొని ఉన్నారు. చేయి పట్టుకున్నాను, చల్లగా ఉంది. ఏడుపు కంటే ముందు నాకొక మాట తోచింది. ఇక మా పిల్ల వెనకాల ఎవరు పోతారు? మనిషి పోతే ఇదా తోచేది అని మీరు అనుకోవచ్చు. ఆయన మా ఇంటికి ఏమయ్యారో చెబితే అట్లా అనుకోరు.

తెలంగాణ వచ్చిన కొత్తలో సారు రిటైరై జడ్చర్లలో మా గల్లీకి వచ్చారు. బడి వదిలినా విజిల్ మెడలోనే ఉండేది. రేషన్ షాపు దగ్గర నలుగురు తోసుకుంటే విజిల్ ఊది, “లైన్ల నిలవడుండ్రి” అనేవారు. తిట్టుకుంటూనే అందరూ నిలబడేవారు. చాయ్ సాసర్లో పోసుకొని, ఊదుతూ ఊదుతూ మాటల్లో పడి, తాగడమే మరిచిపోయేవారు. మా మనవరాలు మగపిల్లలను దాటి ఉరకడం చూసి ఆయనే పట్టుకున్నారు. పొలం బావిలో నడుముకు తాడు కట్టి ఈత నేర్పించారు. తాడు కొస నేనూ పట్టుకునేదాన్ని. సారును నమ్మక కాదు, తాడును నమ్మక. ఈత, సైకిలు, ఉరుకుడు మూడూ ఒక్కతాపనే చేసే పందెం ఉంటుందని, దాన్ని ట్రయాథ్లాన్ అంటారని ఆయన చెబితేనే విన్నాను.

మామూలు సైకిలు మీదనే పిల్ల అందులో ముందుకొచ్చింది. ఒకనాడు సారు మా అరుగు మీద కూర్చొని, “అక్కా, పిల్లకు టీటీ కావాలె. లేటు చేస్తే కష్టం” అన్నారు.

టీటీ అంటే నాకు తెలిసింది దవాఖానలో వేసే సూది. ఇనుము గుచ్చుకుంటే వేస్తారు, లేకుంటే కడుపుతో ఉన్నవాళ్లకు వేస్తారు. పిల్ల కాళ్లూ చేతులూ చూశాను, ఎక్కడా దెబ్బ లేదు. పెళ్లి కాని పిల్ల. గొంతు తగ్గించి, “ఎన్నో నెల సారూ?” అని అడిగాను.

“ఫిబ్రవరి నెల అక్కా. గప్పటికి అలవాటు కావాలె గద.”

“పిల్లగాడెవడు?”

“నా దగ్గర చదివినోడే. మంచోడు. ఖర్చంత నేనే పెట్టుకుంట అన్నడు.”

నేను కొంగు నోట్లో కుక్కుకొని ఏడవడం మొదలుపెట్టాక గానీ ఆయనకు సంగతి అర్థం కాలేదు. ఫిబ్రవరిలో పందెం ఉందట, టీటీ అంటే టైమ్ ట్రయల్ బండి అట. గుంపుతో కాకుండా ఒక్కరే గడియారంతో పోటీపడి తొక్కే సైకిలు. సారు పాత శిష్యుడు ఒకడు దాన్ని కొనిస్తానన్నాడట. సారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. ఆ తర్వాత నేను ఎప్పుడు ఎదురుపడినా “అక్కా, ఎన్నో నెల?” అనేవారు.

అయితే కొనిచ్చేది ఒక్కటే బండి. ఒకసారి ఎంచితే మార్చేది లేదు. పిల్ల నాయన, అంటే నా కొడుకు, లారీ డ్రైవరు. ఫోన్లో ఈ మాట విని, “అమ్మా, క్యాబిన్ల కూసుంటే పక్కపొంటి కింద ఏమున్నదో మాకు కనిపియ్యది. అది గంతగనం వంగి తొక్కుతదంట. నా అసొంటోడే ఎవడన్న...” అని ఆగిపోయాడు. చివరికి, “ఇంటికాడ ఉండేది నువ్వే. నువ్వు ఊ అంటే ఊ, వద్దంటే వద్దు” అన్నాడు. కోడలు మందుల కంపెనీలో షిఫ్టులకు పోతుంది. ఆమె కూడా “అత్తమ్మ ఇష్టం” అన్నది. అందరూ కలిసి నా మెడకు చుట్టారు. ఊ అంటే లారీలు. వద్దంటే పిల్ల మొహం. సారుకు చెప్పుకున్నాను.

“ధైర్యమున్నోళ్లు చప్పట్లు కొడుతరక్కా. భయపడేటోళ్లే బతికిస్తరు. బండి ఎంచేకాడికి నువ్వు తప్పకుంట రావాలె” అన్నారు. అట్లా నేను కూడా బస్సెక్కి పట్నంలోని సైకిళ్ల దుకాణానికి పోయాను.

ఆ దుకాణంలో సైకిళ్లను నగలు పెట్టినట్టు లైట్ల కింద పెట్టారు. అందులో ఒక నల్లది కత్తిలా సన్నగా ఉంది. మా పిల్ల దాన్ని చూశాక ఇంకో దిక్కు చూడలేదు. సారూ అంతే. ఏ సైకిలు కనబడినా టైరును బొటనవేలితో నొక్కి చూడటం ఆయన అలవాటు. నల్లదాన్ని మాత్రం నిమిరారు. పైకి మాత్రం పిల్లతో, “అద్దంల చూసి కొనేది చీర, తొక్కి చూసి కొనేది బండి” అన్నారు.

“నారాయణపేట చీర కూడా అద్దంల చూసి కొనం సారూ. మడత ఇప్పి కొంగు దాక చూస్తం” అన్నాను నేను.

“అయితే మడత ఇప్పుదాం” అని, బండిని కదలకుండా స్టాండుకు బిగించమన్నారు.

ఈ బండి మీద కూర్చోవడం అనరాదు, దాదాపు బోర్లా పడుకోవడమే. హ్యాండిల్ నడుమ నుంచి ముందుకు రెండు కొమ్ములు పొడుచుకొని ఉంటాయి. మోచేతులు మెత్తల మీద ఆనించి ఆ కొమ్ములు పట్టుకోవాలి. గాలి అడ్డుకోకుండా వీపు బల్లలా ఉండాలట. పిల్ల చక్కగానే తొక్కింది. దుకాణం అతను బాగుందన్నాడు, సారు భేష్ అన్నారు. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని పిల్లనే చూస్తున్నాను, నాకు వేరే పనేముంది? కొంతసేపటికి అది ఎడమ చేతి వేళ్లు తెరిచి మూసింది. మళ్లీ తెరిచి మూసింది. మెడను భుజాల్లోకి దించుకుంది.

“నొస్తున్నదా బిడ్డా?”

“ఏం లేదవ్వా. నువ్వు ఊకో.”

“అలవాటైతదక్కా” అన్నారు సారు, నల్లబండి మీది నుంచి చూపు తీయకుండా.

నాకు నోరు ఆగలేదు. “ఏం అలవాటు సారూ? బడిల మీరు గోడకుర్చీ ఏపిస్తుండిరి గద, అచ్చం గట్లనే ఉన్నది పిల్ల.”

గోడకుర్చీ తెలియని వాళ్లు మనలో ఎవరున్నారు? గోడకు వీపు ఆనించి, కింద పీట లేకుండానే కూర్చున్నట్టు నిలబెట్టే శిక్ష. తొడలు వణికేదాకా ఎంతమంది పిల్లలను అట్లా నిలబెట్టారో సారుకే తెలియాలి. ఆయన మొహం మారింది. “దిగు బిడ్డా” అన్నారు.

పిల్ల దిగలేదు. “సారూ, నాకు గిదే కావాలె” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నాకు గూడ గిదే కావాలె. మనిద్దరం మోజుల పడ్డం. దిగు.”

మోచేతుల కింది మెత్తలను ఇంకాస్త ఎత్తు చేయమని అడిగారు. నల్లదానికి అంతకంటే ఎత్తు రాదట. పక్కనున్న బూడిదరంగు దానికి మెత్తలు పైకీ కిందికీ జరుగుతాయి, దగ్గరికీ దూరానికీ జరుగుతాయి. దాని చక్రాలు నల్లదాని చక్రాల్లా మరీ పలకల్లా లేవు. లారీ పక్కనుంచి పోతే ఆ గాలికి పలకచక్రం బండిని ఈడుస్తుందని సారు విడమరిచి చెప్పారు. పిల్లను ఎక్కించి ఈసారి ఒక షరతు పెట్టారు. తొక్కినంతసేపూ మీ అవ్వతో మాట్లాడాలి అన్నారు. అది మొహం ముడుచుకొనే మొదలుపెట్టింది. తొక్కుతూ తొక్కుతూ, నేను సద్దిలో నూనె ఎక్కువ పోస్తానని, దోస్తుల ముందు ముద్దుపేరుతో పిలిచి ఇజ్జత్ తీస్తానని నా మీదికి యుద్ధానికి వచ్చింది. నేనూ ఊరుకోలేదు. గంట గడిచినా మెడ ఊసు లేదు, వేళ్ల ఊసు లేదు.

“కొట్లాడుతున్నదంటే సరిపోయినట్టే. గిదే ఖాయం చెయ్యుండ్రి” అన్నారు సారు.

అప్పుడు నాకు కనబడింది. “సారూ, కొమ్ములు పట్టుకుంటే బ్రేకేది?”

కొమ్ముల కొసకు గేర్లే ఉన్నాయి. బ్రేకులు పక్కన వెడల్పు హ్యాండిల్‌కు ఉన్నాయి. సారు అబద్ధం ఆడలేదు. “అందదక్కా. చెయ్యి తీసి అటు పెట్టాలె. రెప్పపాటు పడుతది.” ఆ రెప్పపాటు అప్పటి నుంచి నా కడుపులోనే ఉంది. నేను లేచి నిలబడటం చూసి ఆయన నా ఎదురుగా వచ్చారు. “మనుషులున్నకాడ, మోటర్లున్నకాడ కొమ్ములు పట్టనియ్య. వెనకాల నేను స్కూటర్ మీద ఉంట. ఏ లారీ అయినా ముందు నన్ను దాటాలె.” అప్పుడు ఊ అన్నాను. బండికి కాదు, ఆయన మాటకు.

ఆ మాట ఆయన తప్పలేదు. తెల్లవారుతూనే పిల్ల ముందు, ఆయన వెనక, పల్లెల దిక్కు రోడ్డు మీద. చలికి మఫ్లరు, వానకు యూరియా సంచి. వెనకాల మోటర్లు ఎంత హారన్ కొట్టినా జరిగేవారు కాదు.

పోయిన వానకాలం ఆయన మంచం పట్టారు. పిల్ల బండిని మా ఇంటి ముందరి గదిలో స్టాండుకు బిగించాను, బయటికి పోవద్దన్నాను. చక్రం గిర్రున తిరిగేది, బండి జానెడు కదిలేది కాదు. చెమట కారి బండల మీద మడుగు కట్టేది. “గానుగెద్దును చేసినవ్ పిల్లను” అని చుట్టాలు నన్నే అన్నారు. అట్లా ఉంటే నాకు భయం లేదు, దానికి ఊపిరి లేదు. ఒకనాడు తొక్కుతూనే, “అవ్వా, నేను ఏడికీ పోతలేను” అన్నది. సారు ఎదురింట్లో మంచం మీద ఆ చప్పుడు వినేవారు. “గొలుసు పొడిగున్నది, నూనె పెట్టుమను” అని కబురు పంపేవారు. గంజి తీసుకొని పోతే నా చేయి పట్టుకొని, “అక్కా, నన్ను మంచానికి బిగించిండ్రు, పిల్లను నువ్వు స్టాండుకు బిగించినవ్. ఇద్దరిల ఒక్కరినన్న ఇడువు” అన్నారు. నవ్వుతూనే అన్నారు. గంజి చల్లారుతోందని మాట మార్చాను. జవాబు వినకుండానే ఆయన పోయారు.

దినాలు అయ్యాక కొడుకు ఫోన్ చేశాడు. “ఇగ బంద్ పెడదామా అమ్మా?” పిల్ల నా ఎదురుగానే ఉంది, తొక్కడం ఆపింది. చక్రం మాత్రం తిరుగుతోంది. అది ఆగాక అన్నాను.

“నీ తోటి డ్రైవర్లకు చెప్పు కొడకా, గీ దిక్కు తెల్లారంగ ఒక పిల్ల పోతుంటదని.”

“అంటే ఊ అన్నట్టా?”

“ఊ అనలే. చెప్పమన్న, చెప్పు.”

మా గల్లీలో కూరగాయలకు పోయే ట్రాలీ ఆటో ఒకటి ఉంది. ఇప్పుడు పిల్ల వెనకాల అది పోతుంది, అందులో నేను పోతాను. వెనక తలుపు దించి, రోడ్డు వైపు కాళ్లు వేలాడేసి కూర్చుంటాను. అటు తిరిగి ఉంటాను కాబట్టి పిల్ల నాకు కనిపించదు. కొమ్ములు పట్టిందో, బ్రేకు మీద చేయి వేసిందో తెలియదు. నాకు కనిపించేవి వచ్చే లారీలే. లైట్లు దగ్గరయ్యే కొద్దీ ఒక చేత్తో ఇనుప కడ్డీ పట్టుకొని లేస్తాను, రెండో చేయి చాపుతాను. ముసలిదాన్ని చూసి డ్రైవర్లు నెమ్మది చేస్తారు. కొందరు తిడతారు, ఒకాయన దండం పెట్టాడు. తర్వాత లారీ పక్కకు తప్పుకొని, నన్ను దాటి, పిల్ల ఉన్న దిక్కుకు పోతుంది. ఖాళీ రోడ్డు వైపు నా చేయి ఇంకా చాపే ఉంటుంది.