బడికెళ్లిన కరివేపాకు

కరివేపాకు మొక్కను రైల్లో తీసుకెళ్లాలనుకునేవారు కిటికీ పక్క సీటు పట్టండి. తెలుగు విద్యార్థుల దరిదాపుల్లో మాత్రం కూర్చోకండి.

అక్టోబరు మొదట్లో ఒక శుక్రవారం, పొద్దున్న ఏడింటికి కుండీతో సహా ప్లెయిన్స్‌బరోలో బయల్దేరాను. కారణం మేఘన. మొన్నటి వేసవి దాకా మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండేది. వాళ్లమ్మ స్వప్నకు ఉద్యోగం మారి ఫిలడెల్ఫియా శివారుకు వెళ్లిపోయారు. అక్కడ ఇంగ్లండు చర్చి సంప్రదాయంలో నడిచే చిన్న ప్రాథమిక బడిలో మూడో తరగతిలో చేరింది. ఏటా ఈ రోజుల్లో ఆ బడి పిల్లలు తమ పెంపుడు జంతువుల్ని తెస్తారు. అవి తమకేం నేర్పాయో చెబుతారు, ఫాదర్ వాటిని ఆశీర్వదిస్తాడు.

మేఘనకు పెంపుడు జంతువు లేదు. లేదని ఊరుకోవచ్చు కదా! తన పెట్ పేరు బుజ్జి అనీ, డాక్టర్ ఆంటీ ఇంట్లో ఉంటుందనీ, పుల్ల మజ్జిగ తాగుతుందనీ, చలికాలం లోపలే పడుకుంటుందనీ క్లాసంతా చాటేసింది. అందులో ఒక్క అబద్ధం లేదు. కాకపోతే బుజ్జి మా కరివేపాకు మొక్క.

ముందు రోజు సాయంత్రం ఫోన్‌లో ఒకటే ఏడుపు. "ఆంటీ, బుజ్జి రాకపోతే నన్ను లయర్ అంటారు. నాకు ఇక్కడ ఒక్క ఫ్రెండ్ కూడా లేదు."

కంటి ఆపరేషన్ తర్వాత హైవే మీద డ్రైవింగ్ మానేశాను కాబట్టి, ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కి ట్రెంటన్‌లో మారాను. టికెట్ చూసిన కండక్టరు మొక్కను వేరే సీట్లో పెట్టొద్దని కోప్పడ్డాడు. ఒళ్లో పెట్టుకున్నాను. ఎదురు సీట్లో ఒక ఎమ్మెస్ కుర్రాడు నా కంటే ముందు మొక్కనే పలకరించాడు.

"ఆంటీ, రెండు రెబ్బలు ఇయ్యరా? నాకు కార్ లేదు, ఇండియన్ స్టోర్ మస్తు దూరం."

"ఇవాళ కుదరదు బాబూ, దీనికి చర్చిలో ఆశీర్వాదం ఉంది," అన్నాను. అతను మెల్లగా ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

పదింటికి స్టేషన్లో దిగితే స్వప్న కారుతో వచ్చింది. కుండీకి సీటు బెల్టు పెడుతూ, "పిల్లి బొమ్మ పట్టుకెళ్లమన్నా వినలేదాంటీ, సారీ," అంది.

బడి వెనక పచ్చికలో కుక్కలు, కుందేళ్లు, ఒక తాబేలు, ఎవరిదో మేక. అయిదో తరగతి పిల్లలు తలా ఒక చిన్నపిల్లను చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. అది అక్కడి పద్ధతట. ఒక మూల పసివాళ్లు ముసలి కుక్కకు కథలు చదివి వినిపిస్తున్నారు. తప్పు చదివినా అది విసుక్కోదని టీచరమ్మ చెప్పింది. నాకంటే నయమే.

మేఘన వంతు వచ్చింది. కుండీ పట్టుకుని లేచింది.

"అది చెట్టు!" అన్నాడు ఓవెన్ అనే కుర్రాడు. అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

మేఘన ఆగలేదు. "ఇది చలికి చచ్చిపోతుంది. రోజూ చూసుకోవాలి. నాకు ఓపిక నేర్పింది. మా ఆంటీ దీని ఆకులు ఎవరికీ ఇవ్వదు."

ఈసారి పెద్దవాళ్లు నా వైపు చూసి నవ్వారు. మొక్క జంతువుల లెక్కలోకి వస్తుందా అని ఫాదర్ ఆలోచనలో పడ్డాడు. ఆయన తేల్చుకునేలోగా మేక వచ్చింది. పోపు లేకుండానే ఆకులన్నీ కరకరా నమిలేసింది.

"బుజ్జీ!" అని మేఘన కెవ్వుమంది. వెంటనే క్లాసంతా బుజ్జీ బుజ్జీ అని అరుపులు. అందరికంటే ముందు ఉరికి మేక కొమ్ములు పట్టుకున్నవాడు ఓవెన్. "వదులు! బుజ్జిని వదులు!"

మూడు మోడు కొమ్మలు మిగిలాయి. పిల్లలందరూ నా చుట్టూ మూగారు. బతుకుతుందా అని ఓవెన్ అడిగాడు. వాడి కళ్లనిండా నీళ్లు. రిటైరైన డాక్టర్ని కదా, కాండం మీద రెండు వేళ్లుంచి నాడి చూసినట్టు చూశాను. వేరు గట్టిగా ఉంది, వసంతానికి చిగురు వేస్తుందని చెప్పాను. ఫాదర్ ఇంకేమీ ఆలోచించకుండా పవిత్రజలం చల్లాడు. త్వరగా కోలుకోవాలని అందరిచేతా ప్రార్థన చేయించాడు. ఓవెన్ తన కుక్క మెడలోని ఎర్ర పట్టీ తీసి కుండీకి కట్టాడు.

భోజనాల దగ్గర మేఘన పక్కన కూర్చోడానికి పిల్లలు పోట్లాడుకున్నారు. నాకు చీజ్ శాండ్‌విచ్ పెట్టారు. చప్పగా ఉంది, అయినా మొత్తం తిన్నాను.

మూడింటి రైల్లో తిరుగు ప్రయాణం. ఒళ్లో మూడు పుల్లలు, వాటి కింద ఎర్ర పట్టీ. ఈ కండక్టరు వేరే మనిషి. పట్టీని చూసి, పుల్లల్ని చూసి, నన్ను చూసి, టికెట్ చింపి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లు పెంచిన మొక్క బోడిదైపోతే బాధగానే ఉంది. ఎవరికీ రెబ్బ ఇవ్వకుండా కాపాడింది మేకకోసమా అనిపించింది.

ట్రెంటన్‌లో రైలు మారుతుంటే ఫోన్ మోగింది. మేఘన. వెనక ఒకటే గోల.

"ఆంటీ, బుజ్జి ఇంటికి చేరిందా? ఓవెన్ అడుగుతున్నాడు."

"వాడు మీ ఇంట్లో ఏం చేస్తున్నాడే?"

"అందరూ వచ్చారు ఆంటీ. బుజ్జి ఫొటోలు చూస్తున్నాం."

ట్రెంటన్ దాకా వచ్చామనీ, ఇద్దరం క్షేమమేననీ చెప్పాను.