అర బుడగ తేడా

తౌనో రసమట్టం పెట్టి చూడకుండా ఈ భూమ్మీద ఎక్కడా కూర్చోడు. కుర్చీ అయినా, బండరాయి అయినా, చర్చిలో బల్ల అయినా సరే, ముందు చంకలోంచి ఆ మూరెడు చెక్కముక్క తీసి దాని మీద పెట్టాలి, గాజుగొట్టంలో బుడగ మధ్యకొచ్చి నిలబడాలి, అప్పుడుగాని ఆ మనిషి నడుము వంగదు. బుడగ పక్కకు జరిగిందా, నిలబడే కాఫీ తాగేస్తాడు. నలభై ఏళ్ళపాటు కెమియార్వి ఊరి చుట్టుపక్కల దుంగల ఇళ్ళు కట్టిన వడ్రంగి కాబట్టి మొదట్లో ఎవరూ తప్పుపట్టలేదు. పని మానేసి పదేళ్ళయినా రసమట్టం చంక దిగకపోయేసరికి ఊరు నవ్వడం మొదలుపెట్టింది.

బావగారు పోయినప్పుడు చర్చిలో అందరూ తలలు వంచుకుని ఉంటే, ఈయన ముందుకెళ్ళి శవపేటిక మీద రసమట్టం పెట్టాడు. పెట్టి, మెల్లగా వెనక్కొచ్చి, అక్క సైమి చెవిలో, "అక్కా, తలవైపు అర బుడగ ఎత్తుగా ఉంది," అన్నాడు. సైమి నల్ల రుమాలు సర్దుకుంటూ, "బతికున్నన్నాళ్ళూ తలెగరేసుకునే తిరిగాడు. ఇప్పుడు దించడమెందుకు, వదిలెయ్," అంది. పాస్టరుగారికి దగ్గొచ్చి పాట రెండోసారి మొదలుపెట్టాల్సి వచ్చింది.

సైమికి డెబ్బై తొమ్మిది. తమ్ముడి కన్నా నాలుగేళ్ళు పెద్ద. బడికి వెళ్ళింది రెండు శీతాకాలాలే, ఆ తర్వాత ఆవులు ఆమెను పిలుచుకున్నాయి. అయినా తనను మోసం చేసిన మనిషి ఇంతవరకు పుట్టలేదని, తాను అబద్ధమాడిన రోజు క్యాలెండరులో లేదని ఆమె నమ్మకం. ఈ రెండో సంగతి ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు. ఆమె నోటి నిజాలు తగిలినవాళ్ళు ఆ వీధిలో ఇంటికొకరున్నారు.

అసలు గొడవ డాక్టరు దగ్గర మొదలైంది. డెబ్బై అయిదో ఏట తౌనో జీపు నడపడానికి కాగితం కావాల్సి వచ్చి పరీక్షకు వెళ్ళాడు. కళ్ళు బాగున్నాయి, చెవులు బాగున్నాయి, గుండె గడియారంలా కొట్టుకుంటోంది. చివర్లో పడుకోమంటే పడుకోలేదు. మంచం మీద రసమట్టం పెట్టి, "మీ రోగుల రక్తమంతా ఎడమవైపుకే పోతుంటుందండీ, అందుకే ఎవరికీ నయం కావడంలేదు," అన్నాడు. డాక్టరు కలం మూసేసి, ఇంట్లోవాళ్ళతో ఒకసారి మాట్లాడాక సంతకం పెడతానన్నాడు.

ఇంట్లోవాళ్ళంటే తౌనో కూతురు కిర్సి. మంచి పిల్లే, కాకపోతే అన్నిటికీ ముందుగానే భయపడుతుంది. నేరుగా మేనత్త ఇంటికొచ్చి గోడు వెళ్ళబోసుకుంది. నాన్నకు మతి జారుతోందేమోనంది. మూడేళ్ళుగా పిచ్చి ముదిరిందట. ప్రతి జూన్‌లోనూ చేపల వేటకని ఒక్కడే వారం రోజులు ఉత్తరానికి వెళ్తాడు, ఒక్క చేపైనా తేడు. చిన్నప్పట్నుంచీ గాలం పట్టిన మనిషి ఖాళీ బుట్టతో తిరిగొచ్చి, ఏమయిందంటే, నీళ్ళు బాగాలేవంటాడు. ఏడాదికో తీరున నీళ్ళు బాగాలేకుండా పోతాయా?

"సెప్టెంబరులో ఎలాగూ పది రోజులు ఇద్దరూ ఉత్తరానికి వెళ్తారుగా అత్తా, కాస్త కనిపెట్టి చూడు. నువ్వు బాగున్నాడంటే బాగున్నట్టే. లేదంటే తాళాలు తీసేసుకుంటాను, జీపు అమ్మేస్తాను."

సైమి సరేనంది. అనేసి, పిల్ల వెళ్ళాక, అరకప్పు కాఫీని గంటసేపు తాగింది. జీపు పోతే తమ్ముడి మాట అటుంచి, ఉత్తరాన ఆ పది రోజులు తనకూ పోయినట్టే. ఏడాదిలో మిగతా మూడువందల యాభై అయిదు రోజులూ ఆ పది రోజుల కోసమే గడుపుతున్నానని ఆమె ఎవరితోనూ అనలేదు, అనదు కూడా. కానీ అడిగినప్పుడు ఉన్నమాట చెప్పడమే ఆమెకు తెలుసు. తన నోరు తన మీదికే తిరుగుతుందని మొదటిసారి భయమేసింది.

ఆ జీపు సైన్యం వేలం వేసినప్పుడు కొన్నది. ఆకుపచ్చ రంగు కొంత, తుప్పు కొంత. నాలుగు చక్రాలూ లాగుతాయి, నాలుగూ నాలుగు రకాలుగా మూలుగుతాయి. సైమి కూర్చునే వైపు తలుపు లోపలినుంచి తెరుచుకోదు. తౌనో దిగి, చుట్టూ తిరిగొచ్చి, బయటినుంచి తీసి, చెయ్యి అందించాలి. మూడేళ్ళుగా బాగుచేయమంటే వినడు. "ఇళ్ళు కట్టినవాడివి, ఒక్క తలుపు పిడి బిగించలేవా?" అని ఆమె దెప్పుతుంది. "పిడి దొరకడంలేదక్కా, పాత మోడలు," అని ఆయన చెయ్యి అందిస్తాడు.

సెప్టెంబరు వచ్చి ఉత్తరానికి బయల్దేరితే, ఈసారి సైమి కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంది. ఇనారి దాటేవరకు తప్పు దొరకలేదు. రోడ్డుకడ్డంగా రెయిన్‌డీర్లు నిలబడితే ఇంజను ఆపి, వాటికి బుద్ధి పుట్టేదాకా ఓపిగ్గా ఆగాడు. ఒక విడిది దగ్గర జర్మనీ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉడికించిన గుడ్డు బల్ల మీంచి దొర్లిపోకుండా చేత్తో పట్టుకుని తింటుంటే, అడక్కుండానే వెళ్ళి, రసమట్టం పెట్టి, బల్ల కోడు కింద రెండు పలకరాళ్ళు దోపి వచ్చాడు. గుడ్డు నిలబడింది. ఆ భర్త లేచి టోపీ తీశాడు. ఇది మతి ఉన్నట్టా, లేనట్టా? సైమి తేల్చుకోలేకపోయింది.

కామనెన్ దాటి మట్టిబాట పట్టాక అసలు వరస మొదలైంది. మొదటి చోటు చెరువు ఒడ్డు, గాలి వాటు లేదు, పచ్చటి నాచు పరుపులా ఉంది. తౌనో దిగి, రసమట్టం నేలకు ఆనించి, నాలుక చప్పరించి, తిరిగి బండెక్కాడు. రెండో చోట ఎవరో పేర్చిపెట్టిన పొయ్యి కూడా ఉంది. అదీ పనికిరాలేదు. మూడు, నాలుగు, అయిదు. సైమి వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మానేసింది.

"ఇక్కడేం వచ్చిందిరా?"

"తూర్పువైపు అర బుడగ తేడా ఉందక్కా."

"మనం పడుకోవడానికొచ్చామా, ఇల్లు కట్టడానికొచ్చామా?"

"నువ్వు జీపులో పడుకునేదానివి. వాలుంటే నిద్రలో తలుపుకు జారుకుంటావు."

"జారితే జారుతాను. తలుపెలాగూ తెరుచుకోదుగా."

తౌనో గేరు మార్చాడు. ఇంకో పన్నెండు కిలోమీటర్లు పోనిచ్చాడు. కిర్సి చెప్పింది నిజమేనేమోనని సైమికి అనిపించింది. సాయంత్రం అయిదింటికి, బాట ఒక చిన్న సరస్సు దగ్గర ఆగిపోయిన చోట, ఆయన ఎనిమిదోసారి దిగి, ఎనిమిదోసారి వంగి, "ఇది బాగుంది," అన్నాడు. సైమి కళ్ళకు ముందు ఏడిటికీ, దీనికీ తేడా ఏమీ కనిపించలేదు.

అయితే చోటు మాత్రం చక్కగా ఉంది. చుట్టూ బోడికొండలు, వాటి మీద మోకాలెత్తు బర్చ్ పొదలు ఎర్రగా, పసుపుపచ్చగా పండిపోయి ఉన్నాయి. నీళ్ళు అద్దం. గాలి లేదు. సైమి మసిపట్టిన కాఫీ కెటిలు అందుకుని తానే నీళ్ళకు వెళ్ళింది. ఇది ఆమె పని, ఎవరినీ చెయ్యనివ్వదు. మూడేళ్ళ కిందట ఇలాంటి ఒడ్డునే కాలు జారి మోకాలు పట్టేసింది, ఆ సంగతి డాక్టరుకు కూడా చెప్పలేదు. అప్పుడు తౌనో అటు తిరిగి పొయ్యి ఊదుకుంటున్నాడు కాబట్టి చూడలేదు. ఆ తర్వాత పక్కింటి ఇంపి చేతికర్ర కొనుక్కోమంటే, "నేను ఉత్తరాన కొండచరియల్లో దిగి నీళ్ళు తెచ్చుకుంటాను. నువ్వు నీ వాకిలి దాటి చూపించు ముందు," అని పంపేసింది. నిజంగానే, ఉత్తరపు అడవికి తనంటే ఒక గౌరవం ఉందని సైమి అనుకునేది. ఏటా కొత్త చోటే అయినా, ఎక్కడ దిగినా రాళ్ళు మెట్లలా అమరుతాయి, ఎక్కడ ఆగినా కూర్చోవడానికి ఒక మొద్దు సిద్ధంగా ఉంటుంది.

అక్కడి అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్కలు వేసుకుని ఇద్దరూ తిన్నారు. మర్నాడు మధ్యాహ్నం తౌనో గుడారంలో టోపీ ముఖమ్మీద పెట్టుకుని కునుకు తీస్తుంటే, సైమి తన పని మొదలుపెట్టింది. తేల్చుకోవాలి. రసమట్టం పాడైపోయి ఉంటే, పాడైన దాన్ని నమ్ముకుని తిరుగుతున్నాడంటే, మతి పోయినట్టే లెక్క. జీపు ముందు సీటులోంచి దాన్ని తీసింది.

జీపు బానెట్ మీద పెట్టింది. బుడగ పక్కకు పారిపోయింది. పొయ్యిరాయి మీద పెట్టింది. ఇంకో పక్కకు పోయింది. సరే, దీని పని అయిపోయిందనుకుని, తాను కూర్చునే మొద్దు మీద పడేయబోయి, చూసింది. బుడగ సరిగ్గా మధ్యలోకొచ్చి ఆగింది. తిప్పి అడ్డంగా పెట్టింది. మళ్ళీ మధ్యలోనే.

అడవిలో ఏ మొద్దూ ఇంత సమంగా తెగదు. సైమి ఒడ్డుకు వెళ్ళి, మెట్లలా అమరిన రాళ్ళ మీద ఒక్కోదాని మీదా రసమట్టం పెట్టింది. మూడు రాళ్ళు, మూడుసార్లూ బుడగ మధ్యలో. మెల్లగా వెనక్కొచ్చి, మొద్దు పక్కన చెయ్యి ఆనించి వంగి చూసింది. వేలికి ఏదో ఇనుము తగిలింది. తుప్పుపట్టిన కొక్కెం.

ఆ కొక్కెం ఆమెకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు దానికి తీగ కట్టి బట్టలారేసింది. మూడేళ్ళ కిందట గాలివానకు ఆమె పెరట్లో పైన్ చెట్టు పడిపోతే, లోపలంతా పుచ్చిపోయింది, పారేస్తానని తౌనో ముక్కలు కోసి జీపులో వేసుకుపోయాడు. తన పొయ్యిలోకి రావాల్సిన కట్టెలని ఆమె అప్పట్నుంచీ సాధిస్తూనే ఉంది. ఇప్పుడు తలెత్తి చుట్టూ చూసింది. కనుచూపు మేరలో మోకాలెత్తు పొదలే. ఒక్క పైన్ చెట్టు లేదు. ఇలాంటి బోడినేల మీద దిగిన చోటల్లా ఇంత లావు మొద్దు ఎలా వస్తోందని ఈ మూడేళ్ళలో తనకొక్కసారీ తోచలేదే అని సిగ్గేసింది.

ముందు కోపమొచ్చింది. నా మోకాలి సంగతి వీడికెవడు చెప్పాడని. తర్వాత జూన్ నెలలు గుర్తొచ్చాయి, చేపల్లేని బుట్టలు గుర్తొచ్చాయి, డెబ్బై దాటిన మనిషి ఒక్కడే దోమల్లో మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళు సర్దడం కళ్ళకు కట్టింది. ముందు ఏడు చోట్లా దిగి రసమట్టం పెట్టింది వెతుక్కోవడానికి కాదు, తనకు అనుమానం రాకుండా ఉండటానికి. సైమి చాలాసేపు ఆ మొద్దు మీద కూర్చుంది. హాయిగానే ఉంది.

తౌనో లేచి వచ్చేసరికి రసమట్టం ఆమె ఒళ్ళో ఉంది. ఆయన టోపీ తలకు సర్దుకున్నాడు.

"అదెందుకు తీశావక్కా?"

"దోమను కొట్టడానికి."

"తగిలిందా?"

"సరిగ్గా మధ్యలో తగిలింది."

తౌనో సరస్సు వైపు చూశాడు. సైమి కూడా అటే చూసింది. ఈ ప్రాంతంలో చెట్లు మరీ పొట్టివని, ఈ మొద్దు ఇంకొక వేలెడు ఎత్తుంటే లేవడానికి బాగుండేదని సణిగింది. "నేల అలాంటిదక్కా," అన్నాడు తౌనో. అని, పొయ్యిలో కట్టె తోశాడు.

ఆదివారం ఇంటికొచ్చేసరికి కిర్సి వాకిట్లోనే ఉంది. తండ్రి సామాను దించుతుంటే మేనత్తను పక్కకు తీసుకెళ్ళి, ఎలా ఉన్నాడంది.

"వాడి మతికేం ఢోకా లేదు. నీ మతి నా మతి కలిపినా వాడి దాంట్లో సగం కాదు. డాక్టరుకు అలాగే చెప్పు."

"మరి చేపలు?"

సైమి గొంతు సవరించుకుంది. "మీ నాన్నకు చేపలు పట్టడం రాదమ్మా. పుట్టినప్పట్నుంచీ రాదు. వెనకటి చేపలన్నీ మీ మావయ్య పట్టి ఇచ్చినవి. ఆయన పోయాక ఇచ్చేవాడు లేడు. పాపం, సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు."

జీపు వెనకాల సామాను దించుతున్న చప్పుడు ఆగిపోయింది. జిల్లా పోటీలో పెద్ద పైక్ చేప పట్టి, దాని తలను ఇంట్లో గోడకు తగిలించుకున్న తౌనో, చెవులదాకా ఎర్రబడి, నోరు తెరిచి, మూశాడు. మాట్లాడితే జూన్ సంగతంతా బయటికొస్తుంది. డెబ్బై తొమ్మిదేళ్ళలో సైమి ఆడిన మొదటి అబద్ధం అలా కిక్కురుమనకుండా నిలబడిపోయింది. కిర్సి జాలిగా తండ్రి భుజం తట్టింది. డాక్టరు సంతకం పెట్టాడు.

తరువాతి జూన్‌లో తౌనో చేపల వేటకు వెళ్ళి ఖాళీ బుట్టతో వచ్చాడు. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు, కిర్సి మాత్రం బజారులో ఒక చేప కొని పంపింది. సెప్టెంబరులో అక్కాతమ్ముళ్ళు మళ్ళీ ఆ సరస్సుకు వెళ్ళారు. దారిలో ఏడు చోట్ల బుడగ కుదరలేదు. ఏడు చోట్లా సైమి ఓపిగ్గా తిట్టింది. తలుపు తీసి తమ్ముడు చెయ్యి అందిస్తే, పట్టుకుని దిగింది. ఆ తలుపు లోపలినుంచి నిజంగా రాదా అన్నది ఆమె ఏనాడూ పరీక్షించి చూడలేదు.

మొద్దు మీద కూర్చుని, మళ్ళీ లేచి చూసింది. మోకాలు మూలగలేదు.

"ఏంట్రా, ఈ అడవిలో చెట్లు నరికాక కూడా పెరుగుతాయా?"

"ఒక్కోచోట పెరుగుతాయక్కా," అన్నాడు తౌనో. అని, తాను కూర్చోబోయే రాయి మీద రసమట్టం పెట్టి చూశాడు. అర బుడగ తేడా ఉంది. నిలబడే కాఫీ తాగాడు.