నీళ్లలోకి తిరిగిన బాణాలు

ఆ శుక్రవారం సాయంత్రం నాకు ఏదో అయిందని ఇంటికి వచ్చాక కూడా తెలియలేదు. షూస్ తడిసి ఉన్నాయి, అంతే. గడ్డి మీద తడి అనుకున్నాను.

నా పేరు సుగుణ. వరంగల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని. పిల్లలు నా విజిల్‌కన్నా నా నోటికే ఎక్కువ భయపడతారు. మా కాలనీ ఆడవాళ్లం కొందరం, ఇంటర్ చదివే మా అమ్మాయి రూతు కలిసి శనివారాలు తెల్లవారగానే పరుగుకు వెళ్తాం. ఆదివారం చర్చి ఉంటుంది కదా, అందుకని శనివారం. ఊరి బయట, స్కూటీ మీద అరగంట దూరంలో ఒక వాగు ఉంది. రెండు వైపులా వరి మళ్లు, వాగు వెంబడి బండ్ల బాట, అక్కడక్కడ తాటిచెట్లు. ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. ఎవరూ దారి తప్పకూడదని నేను ముందురోజు వెళ్లి, ప్రతి మలుపులో ముగ్గుపిండితో బాణం గుర్తు పెట్టి వచ్చేదాన్ని. "ఇంటి ముంగట ముగ్గెయ్యవు గని, వాగు పొంటి ఎంత ముద్దుగ ఏస్తున్నవే" అని పక్కింటి రమ ఆటపట్టించేది.

ఆ రోజు వంగి పిండి పోస్తుంటే కడుపులో నుంచి ఏదో పైకి పాకింది. తడి గోనెసంచి కాలిన వాసన వచ్చింది. పిట్టలు, మోటారు చప్పుడు అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఈ బాట, ఈ తాటిచెట్టు, దాని మీద ఈ ఎండ, ఇదంతా ఇదివరకే ఒకసారి జరిగిందనిపించింది. ఇప్పుడు నా వెనక ఎవరో వచ్చి నిలబడతారు అని కూడా అనిపించింది. తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్లీ ముందుకు తిరిగేసరికి చెట్టు మీద ఎండ లేదు. నేను స్కూటీ పక్కన నిలబడి ఉన్నాను. అక్కడికి ఎలా వచ్చానో నాకు తెలియదు.

మర్నాడు పరుగెత్తుతుంటే బాణాలు బాట వదిలి వాగులోకి దిగాయి. ఎవరో చెరిపి తిప్పారని వాగు పక్క ఊరివాళ్లందరినీ తిట్టాను.

కడుపులో నుంచి అలా పాకడం మాత్రం అప్పుడప్పుడు జరుగుతూనే ఉంది. ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే గ్యాస్ అన్నారు. బీపీ, షుగర్, థైరాయిడ్ అన్నీ నార్మల్. "ఈ వయసులో హార్మోన్స్ మేడం, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. టెన్షన్ తగ్గించుకోమన్న మాట వింటేనే నాకు టెన్షన్ పెరుగుతుంది.

తర్వాత వానలు పడ్డాయి. వాగు నిండింది. మళ్లీ గుర్తులు పెట్టాను, ఈసారి పట్టి పట్టి చూసుకుంటూ పెట్టాననే అనుకున్నాను. శనివారం పొగమంచు. రూతు అందరికన్నా ముందు పరుగెత్తింది. మేం చేరేసరికి అది వాగు ఒడ్డున కదలకుండా నిలబడి ఉంది. ఎర్రటి నీళ్లు దాని షూస్ తాకుతూ పోతున్నాయి. వెనక బురదలో నా బాణం. పక్కన కోసిన నిమ్మకాయ, కుంకుమ.

"ముందుగాలనే ఆగకపోతివి గదనే! చూసుకోవా?" అని అరిచాను.

"నువ్వు పెట్టిన గుర్తమ్మా. దారే అనుకున్న" అంది.

దేవుడా, ఇంకొక్క అడుగు వేసి ఉంటే! నా బిడ్డను ఎవరు చంపాలనుకున్నారో తేల్చాలని ఆ మధ్యాహ్నమే ఒక్కదాన్నే మళ్లీ వెళ్లాను. పిండి సంచి ఇంకా స్కూటీకే వేలాడుతోంది. అది చూసి బాట మీద నలుగురైదుగురు అడ్డం వచ్చారు. ముందు నిలబడింది లచ్చవ్వ అనే పెద్దామె, వాగు పక్కనే ఆమె పొలం.

"ఏందవ్వా, మా బాట మీద పిండి పోసుడు? ఎవ్వలి మీద చేస్తున్నవ్?"

ఒక ఆడమనిషి మంత్రాలు చేస్తోందన్న మాట మా దిక్కు ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. "పరుగెత్తేటోళ్లకు గుర్తులు పెద్దమ్మా. నీళ్లల్లకు తిప్పింది మీరే" అన్నాను.

"థూ! మేమెందుకు తిప్పుతం? నువ్వే తిప్పినవ్. నారుమడి కాడ నిలబడి చూస్తనే ఉన్న. 'ఓ బిడ్డా' అని కేకేస్తే ఇటు చూసినవ్ గని నన్ను చూడలె. నోరు సప్పరిచ్చుకుంట, పిండి పోసుకుంట పోయి నీళ్లల్ల నిలబడ్డవ్. మనిషివైతే కాదనుకున్న. అందుకే నిమ్మకాయలు పెట్టినం, మా పిల్లలకు తగులొద్దని."

అబద్ధం అనబోయాను. తడిసిన షూస్ గుర్తొచ్చాయి. నా బిడ్డను వాగులోకి పంపింది నేనే.

తెలివి లేకుండా నడిచానంటే అది గ్యాస్ కాదని, సోమవారం న్యూరాలజిస్ట్ దగ్గర కూర్చున్నాను. నేను ఎంత చెప్పినా ఆయన పెన్ను కదల్లేదు. "ఆ టైమ్‌లో ఏం జరిగిందో మీరు చెప్పలేరమ్మా. అప్పుడు మీరు అక్కడ లేరు. చూసినవాళ్లను తీసుకురండి" అన్నారు.

నన్ను మంత్రగత్తె అనుకుంటున్న మనిషిని రూతూ నేనూ బతిమాలి ఆటో ఎక్కించాల్సి వచ్చింది. లచ్చవ్వ చేతిలో వేపకొమ్మ పట్టుకుని, నాకు తగలకుండా ఆటో అంచున కూర్చుని వచ్చింది. "దవాఖాన్ల గూడ నీ పక్కన కూసోను, ముందే చెప్తున్న" అంది.

"ఎట్లా చేసిందో చేసి చూపించు పెద్దమ్మా" అన్నారు డాక్టర్.

ఆమె వేపకొమ్మ బల్ల మీద పెట్టింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ చూపు ఎటో ఆగిపోయింది. పెదాలు చప్పరిస్తూ, కుడిచేత్తో చీరకుచ్చిళ్లను నలుపుతూ నా వైపు తిరిగింది. ఆ ముఖంలో ఎవరూ లేరు. అది నా ముఖమని అప్పుడు తెలిసింది.

"అమ్మా, గిట్లనే చేస్తవ్ నువ్వు" అంది రూతు మెల్లగా. "పొయ్యి కాడ, చర్చిల గూడ. కోపమొచ్చి మాట్లాడ్తలేవనుకున్న." నేను అక్కడే ఏడ్చేశాను. నా కోపానికి జడిసి నా బిడ్డ ఇన్నాళ్లు నన్ను అడగనే లేదు.

రాత్రి నిద్ర లేకుండా ఉంచి, మెదడు తరంగాలు చూసే ఈఈజీ తీశారు. ఎమ్మారైలో మెదడు మీద చిన్న స్కార్, పాత గాయం మచ్చలాంటిది, కనిపించింది. "ఫిట్స్ అంటే కింద పడి కొట్టుకోవడమే కాదమ్మా. ఇది టెంపోరల్ లోబ్ ఎపిలెప్సీ. తెలివి లేకపోయినా చేస్తున్న పనిని చెయ్యి చేస్తూనే ఉంటుంది" అని చెప్పారు. స్కూటీ బంద్. నీళ్ల దగ్గరికి ఒంటరిగా పోవద్దు. పరుగు మాత్రం, పక్కన మనిషి ఉంటే సరే.

మొదటి ట్యాబ్లెట్‌తో కోపం పెరగొచ్చన్నారు. "ఇంకానా సార్?" అంది రూతు. నిజంగానే పెరిగింది, ఇంట్లో పళ్లేలు ఎగిరాయి. మెల్లగా మందు మార్చారు. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో ఉపవాసమని ట్యాబ్లెట్లు కూడా మానేశాను. స్కూల్ గ్రౌండ్‌లో పడిపోయాను, నుదురు మీద కుట్లు పడ్డాయి. చూడటానికి వచ్చిన పాస్టర్ గారు, "మందు మింగొద్దని ప్రభువు ఎన్నడు చెప్పిండు తల్లీ?" అని నన్ను బాగానే గద్దించారు.

ఇప్పుడు గుర్తులు రూతే పెడుతుంది, ఊళ్లో ముందుగా చెప్పి. నేను రమ పక్కన పరుగెత్తుతాను. లచ్చవ్వ మడి దగ్గరికి రాగానే, నేను తెలివిలో ఉన్నానో లేదో చూడటానికి ఆమె నన్ను ఆపి, "నేనెవ్వల్ని?" అని అడుగుతుంది. "లచ్చవ్వవు" అంటే "ఇగ పో" అంటుంది. చాలా నెలలు బాగా గడిచాయి. తగ్గిపోయిందనే అనుకున్నాను.

పోయిన శనివారం మడి దాటి కొంత దూరం వెళ్లాక, ఆమె ఈరోజు అడగలేదని గమనించి వెనక్కి తిరిగి వచ్చాను. "ఇయ్యాల అడుగకపోతివేంది పెద్దమ్మా?" అన్నాను.

లచ్చవ్వ చేతిలోని గడ్డి కట్ట కింద పెట్టింది. "అడిగిన బిడ్డా. నా పేరు గూడ చెప్పినవ్ గద" అంది.

రమ కూడా విన్నదట. నాకేమీ తెలియదు. ఆ కాసేపు మళ్లీ నేను అక్కడ లేను. ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి వెళ్లాం, డోసు పెంచారు. నాలాంటి వాళ్లకు చెప్పేది ఒకటే. దవాఖానకు వెళ్లేటప్పుడు ఫైలు మర్చిపోయినా ఫరవాలేదు, మిమ్మల్ని చూసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. ఆ మనిషికి మీరంటే భయమున్నా సరే, బతిమాలి తీసుకెళ్లండి.