టైలరమ్మ ఇంట్లో రంపాలు

ఆ వీధిలో ఆమెను అందరూ టైలరమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు పక్కింటివాళ్లకు కూడా సరిగ్గా తెలియదు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని వెనక పొడవాటి కత్తిరింపు బల్ల, గోడ మేకులకు వేలాడే స్కూలు యూనిఫాంలు. అదే ఆమె లోకం. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, కొలతలు కుదర్లేదని చెప్పి నవ్వేసేది. ఒంటరితనం ఆమెకు బాగానే ఒంటబట్టింది. తలుపు గడియ వేసుకుని, రేడియో సన్నగా పెట్టుకుని, ఎవరి ధ్యాసా లేకుండా కాజాలు కుట్టుకునే మధ్యాహ్నాలంటే ఆమెకు ప్రాణం.

ఆ ఇంటికి తమ్ముడొచ్చాడు.

అతను కలప కంపెనీలో చెట్లు కోసే పని చేసేవాడు. మీసాలు రాకముందే మోటారు రంపం పట్టినవాడు. అప్పటి రంపాలు ఇప్పటివాటిలా కాదు. ఒళ్లంతా లోహమే. ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. అదురు చేతికి ఎక్కకుండా పిడికి చిన్న రబ్బరు ముక్క కూడా ఉండేది కాదు. ఆ అదురంతా ఏళ్ల తరబడి వేళ్లలోకి పాకి, చివరికి వేళ్లనే తినేసింది. కాస్త చలిగాలి తగిలితే చాలు, కొసలు సుద్దముక్కల్లా తెల్లబడిపోయేవి. సూదితో గుచ్చినా తెలిసేది కాదు. ఇక రంపం ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ముట్టుకోనివాడితో మాకేం పనని కంపెనీ ఇంటికి పంపేసింది. వేరే పని దొరికేదాకా ఒక్క నెల ఉంటానని అక్కకు చెప్పి, ఒక పెట్టెతో, గోనెసంచుల్లో చుట్టిన మూడు పాత రంపాలతో దిగాడు.

పని దొరకలేదు. రంపాలు దొరికాయి.

పాత ఇనుప సామాను కొట్లు తిరిగేవాడు. మూతబడ్డ కోత మిల్లుల వెనక చెత్తలో వెతికేవాడు. ఎప్పుడో చనిపోయిన తోటి పనివాళ్ల అటకల మీంచి దించుకొచ్చేవాడు. తయారుచేసిన కంపెనీలే మూతపడిపోయిన రంపాలవి. రంగు వెలిసిన ఎర్రవీ, తుప్పు కింద దాక్కున్న పసుపువీ, చిలుం పట్టి తెల్లబడ్డవీ. మొదట మంచాల కిందికి చేరాయి. తర్వాత వరండాలోకి, ఆ తర్వాత ముందుగదిలోకి వచ్చాయి. అన్నిటికన్నా పెద్దది ఇద్దరు పట్టుకునే రంపం. ఒక చివర ఇంజను, పళ్ల గొలుసు చుట్టూ తిరిగే మనిషంత పొడవున్న బార్, దాని రెండో చివర ఇంకొకరు పట్టుకోవడానికి పిడి. దానికి తమ్ముడు పెద్దాయన అని పేరు పెట్టాడు. ఆ ఇంట్లో తనకంటే పెద్దాయనకే మర్యాద ఎక్కువని టైలరమ్మ బట్టలకొచ్చినవాళ్లతో అనేది. అది సగం హాస్యమే.

ఆమె ఇందులో ఎలా దిగబడిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ముందు ఒక రబ్బరు పొరతో మొదలైంది. కార్బరేటర్ లోపల పెట్రోలును లాగే పల్చటి పొర అది. పాతది ఎండి అప్పడంలా విరిగిపోయింది, కొత్తది ఎక్కడా దొరకదు. తమ్ముడు రబ్బరు పూసిన గుడ్డ ముక్క తెచ్చి, నీ కత్తెరకు ఇదెంత పనక్కా అన్నాడు. నిజంగానే పెద్ద పనేం కాదు. పాతదాన్ని గుడ్డ మీద పెట్టి గీసి, గౌను మెడ కత్తిరించినంత తేలిగ్గా కత్తిరించి ఇచ్చింది. ఆ తర్వాత ఇంజను అతుకుల మధ్య వేసే కాగితాలు. ఆ తర్వాత అతని వేళ్లకు అందని చిన్న మరలు. ఇంజను తిరుగుతుంటే పెట్రోలు సర్దే మర మీద స్క్రూడ్రైవరు ఆమె పట్టుకునేది, పక్కన నిలబడి అతను చెవితో విని చెప్పేవాడు. గొంతు కీచుమంటే పెట్రోలు చాలట్లేదు, గుడగుడమంటే ఎక్కువైంది. కొన్నాళ్లకు అతను చెప్పకముందే ఆమె చెయ్యి మర తిప్పేసేది.

పెద్దాయన మొదటిసారి స్టార్టయింది కూడా ఆమె చేతిలోనే. పెరట్లో దాన్ని కాలితో తొక్కిపెట్టి తాడు లాగీ లాగీ భుజం పోయిందనుకుంటుండగా, ఒక్కసారి పొగ కక్కి అందుకుంది. ఆ హోరుకు పక్కింటి గోడ మీది పిల్లి ఎటు పోయిందో మూడురోజులు కనిపించలేదు.

ఇక్కడ రంపాలకు ప్రాణం వస్తుంటే అక్కడ బట్టల పనికి ఊపిరి పోయింది. పెళ్లి కోసం కుట్టిన తెల్ల గౌను పెట్రోలు కంపు కొడుతోందని పెళ్లికూతురి తల్లి వెనక్కి తెచ్చి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. కత్తిరింపు బల్ల వంటగదిలోకి మారింది. అక్కడ ఒక మనిషి నిలబడితే ఇంకో మనిషి తిరగడానికి లేదు. పొద్దున లేచి మంచం దిగాలంటే కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. ఒక్కోసారి ఏదో ఒక రంపం పళ్లకు ఆమె లంగా అంచు చిక్కుకునేది. వంగి దాన్ని ఒక్కో దారం విడదీసుకుంటూ, నా ఇంట్లో నేనే దొంగలా నడుస్తున్నానేమిటని అనుకునేది.

వేరే ఊళ్లో ఆమె చిన్ననాటి నేస్తం కుట్టుపని నేర్పే బడి పెట్టింది. కత్తిరింపు నేర్పడానికి రమ్మనీ, ఉండటానికి గది కూడా ఉందనీ ఫోను చేసింది. టైలరమ్మ ఆ రోజంతా గాలిలో తేలినట్టు తిరిగింది. సాయంత్రం తమ్ముడికి చెప్పింది.

"వెళ్లక్కా. నేనేమైనా పట్టుకున్నానా?" అన్నాడు అతను.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే ఆమెకు సంకెల అయింది. వద్దని ఉంటే పోట్లాడేది, పోట్లాడి వెళ్లేది. మర్నాడు పొద్దున చలికి అతని వేళ్లు తెల్లబడ్డాయి. చొక్కా గుండీ పెట్టుకోలేక కిటికీ దగ్గర నిలబడి, అసలు ప్రయత్నించట్లేదన్నట్టు బయటికి చూస్తున్నాడు. ఆమె వెళ్లి గుండీలు పెట్టింది. నేస్తానికి ఫోను చేసి కొన్నాళ్లు ఆగమంది. ఆ కొన్నాళ్లు ఏళ్ల తరబడి సాగుతూ పోయాయి. వెళ్తానని చెప్పిన ప్రతిసారీ అతను వెళ్లక్కా అనేవాడు. వెళ్లమన్న ప్రతిసారీ ఆమె ఆగిపోయేది.

దీనికంతటికీ కారణం రంపాలేనని ఆమె తేల్చుకుంది. అవి పోతే తమ్ముడు ఏదో ఒక దారిన పడతాడు, తను బయటపడుతుంది. ఊరి చివర కలప డిపో యజమానికి పాత యంత్రాలంటే మోజని విని, తనే కబురు పంపింది. అతను వచ్చి ఒక్కోదాన్నీ నడిపించి చూపించమన్నాడు. పెరట్లో ఆమె ఒక్కో తాడూ లాగింది. డిపో యజమాని నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. తమ్ముడు అడ్డు చెప్పకుండా మెట్టు మీద కూర్చుని, ఏ రంపం ఏ అడవిలో పనిచేసిందో చెప్పుకుంటూ పోయాడు. బేరం కుదిరింది. మర్నాడు లారీ వచ్చి అన్నిటినీ ఎక్కించుకుపోయింది.

ఇల్లు ఒక్కసారిగా ఎంతో పెద్దదైపోయింది. నేల మీద నూనె మరకలు ఎంత తోమినా పోలేదు గానీ, గదిలో ఇటు నుంచి అటు చేతులూపుకుంటూ నడిచింది. ఆ సంతోషం వారం తిరక్కుండానే ఇంకిపోయింది. తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండేవాడు. అన్నం పెడితే తినేవాడు, పలకరిస్తే పలికేవాడు. పొద్దున లేచి వెతుక్కోవడానికి ఒక వస్తువు కూడా లేకుండా పోయింది అతనికి. ఇప్పుడు ఆమె కూరగాయలకు వెళ్లినా పరుగున తిరిగొచ్చేది. రంపాలున్నప్పుడు కనీసం వాటిని తిట్టుకునేది. ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా ఏమీ లేదు. కిటికీ, తలుపూ అన్నీ తెరిచి ఉన్నా ఊపిరాడేది కాదు.

ఒకరోజు దారాల కొట్టు నుంచి వచ్చేసరికి ఇంట్లో అతను లేడు, పెట్టె లేదు. డిపోలో కావలివాళ్ల గది ఖాళీగా ఉందట, రంపాల షెడ్డు చూసుకోవడానికి వెళ్లిపోయాడని ఎదురింటామె చెప్పింది. టైలరమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. చెప్పకుండా పోయాడని బాధో, పోయాడని హాయో ఆమెకే తెలియలేదు. అతనికి ఎవరు వండుతారు, చలి పొద్దుల్లో ఎవరు చూస్తారు అన్న దిగులు మాత్రం ఆ పూట నుంచే పట్టుకుంది. చూసొద్దామని ఒకటి రెండుసార్లు బయల్దేరి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది. చూస్తే మళ్లీ తీసుకొచ్చేస్తానని భయం.

చివరికి ఒక మధ్యాహ్నం వెళ్లింది. షెడ్డులో తమ్ముడు ఒక ఎర్ర రంపం ముందు కూర్చుని ఉన్నాడు. ఇంజను తిరుగుతోంది. అతని చేతిలో స్క్రూడ్రైవరుంది. దాని వెనక పిడికిలి నిండేంత లావు కర్రపిడి బిగించి ఉంది. వేళ్లతో పని లేకుండా మణికట్టుతో మెల్లగా తిప్పుతున్నాడు. కీచుగొంతు దిగి, ఇంజను నిండుగా పలికింది. అతను ఆపు చేసి తలెత్తాడు. అక్కను చూసి మొహం విప్పారింది.

ఆమె మాత్రం ఆ కర్రపిడి వైపే చూస్తోంది.

"ఇదెప్పుడు చేశావురా?"

"వచ్చిన వారంలోనే. ఇక్కడ చేసిపెట్టేవాళ్లెవరున్నారు?"

"మరి ఇంట్లో ఉన్నప్పుడు ఎందుకు చేసుకోలేదు?"

అతను నిజంగానే ఆలోచించాడు. "ఇంట్లో నువ్వున్నావు కదక్కా."

ఆమెకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు, ఇన్ని ఫోన్లు, వంటగదిలో నలిగిపోయిన బల్ల, అన్నీ గొంతు దాకా వచ్చాయి. నేను వెళ్దామనుకున్నానని నీకు తెలియదా అని అడిగింది. తెలుసన్నాడు. వెళ్లమన్నాను కదా అన్నాడు. చేతిలో కర్రపిడిని అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు:

"నీకూ ఇష్టమే అనుకున్నాను. పెద్దాయన అందుకున్న రోజు నువ్వెంత నవ్వావో నీకు గుర్తులేదా?"

ఆమెకు గుర్తుంది. అంతలా నవ్విన రోజు ఆ ఇంట్లో ఇంకొకటి లేదు. తెచ్చిన అన్నం డబ్బా అక్కడ పెట్టి, చల్లారకముందే తినమని చెప్పి లేచింది. అతను డిపో గేటు దాకా వచ్చి సాగనంపాడు.

ఇంటికొచ్చి నేస్తానికి ఫోను చేసింది. బడిలో ఆ పనికి వేరే ఆవిడను ఎప్పుడో పెట్టుకున్నారట. అయినా ఏం, ఊరికే వచ్చి నాతో ఉండు, ఇద్దరం కలిసి ఏదో ఒకటి చూద్దాం అంది నేస్తం. టైలరమ్మ తప్పకుండా వస్తానంది. ఆ వారం స్కూలు యూనిఫాంలు వచ్చిపడ్డాయి. అవి అయ్యాక ఎదురింటామె కోడలి గౌన్లు. అవి అయ్యేసరికి వానలు.

ఎప్పుడు వెళ్తున్నావని ఎదురింటామె ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. ఇదివరకైతే తమ్ముడి పేరు చెప్పేది. ఇప్పుడు ఆ వీలు కూడా లేదు. చూడాలి అంటుంది, టేపు మెడలోంచి తీసి, చేతులు పక్కకు చాపమని చెప్పి కొలతలు తీసుకోవడంలో పడిపోతుంది.