ఆ అర ఎక్కడిది?

ఈ ఉదయం కుళాయి నీళ్లలో బ్లీచింగ్ వాసన రాగానే బరంపురంలో నా తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. క్లోరిన్ పరమాణు భారం ముప్పై అయిదున్నర. ఆ అర ఎక్కడిదని మాస్టారు అడిగితే, "ఒకటి ఇరిగిపోనాదండీ" అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్తే, అప్పడాల పిండి ఉండలు చేస్తున్న మామ్మ కూడా నవ్వింది. "ఇరగడమేటే? ఇయి సూడు. మూడు సిన్నవి, ఒకటి పెద్దదయిపోనాది. ఇందులో ఏది ఇరిగిందే?"

పుస్తకం తెరిచాను. క్లోరిన్‌లోనూ రెండు రకాల పరమాణువులు: ముప్పై అయిదు బరువున్నవి మూడుంటే, ముప్పై ఏడు బరువున్నది ఒకటి.

మర్నాడు బోర్డు మీద ఆ నాలుగింటి బరువులూ కూడి నాలుగుతో భాగించాను. సరిగ్గా ముప్పై అయిదున్నర!

"మరి ఇరిగిన ముక్కేదమ్మా?" అన్నారు మాస్టారు.

"ఏదీ ఇరగనేదండీ. అది సగటండీ."

ఈసారి చప్పట్లు.

మళ్లీ నవ్వుతారేమోనని నేనిప్పటికీ నలుగురిలో నోరు విప్పను. కానీ ఆ అర మాత్రం నాదే.