ఆట ముందు వచ్చే బొమ్మ

అమర్ నా దగ్గర నాలుగే నాలుగు ఆదివారాలు చదువుకున్నాడు. హిందీ రాష్ట్రంలో ఉన్న మా పేట గోల్‌మురిలో, మన తెలుగువాళ్ళ సంఘం హాల్లో పిల్లలకు అక్షరాలు నేర్పే పని అప్పట్లో నాది. మా దగ్గర ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బళ్ళో హిందీ. మాట్లాడటం అందరికీ వచ్చు, చదవటం ఎవరికీ రాదు. ఆ నాలుగో ఆదివారం 'క' గుణింతం రాయమంటే నోటుపుస్తకం నిండా వీడియో గేముల కార్లు గీసి పెట్టాడు. స్కేలుతో వేళ్ళ మీద గట్టిగా ఒక్కటిచ్చాను. పదకొండేళ్ళవాడు. ఏడవకుండా పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. గౌరీదేవి టీచరుకి కోపం ఎక్కువని ఇక్కడ అందరికీ తెలుసు. అది గొప్పగా చెప్పుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అమర్‌కి ముప్ఫై ఆరు. ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో ఒక చిన్న షెడ్డులో పద్నాలుగేళ్ళుగా ఒకటే పని చేస్తున్నాడు. తయారైన షాఫ్టుల మీద, అంటే యంత్రాల్లో తిరిగే ఇనప కడ్డీల మీద, వాటిని కొనే కంపెనీ గుర్తు కొట్టడం. వస్తువు వీళ్ళది, పేరు వాళ్ళది. పొరపాటున ఒక కంపెనీ గుర్తు బదులు ఇంకొకటి పడిందా, ఆ ముక్క ఎంత నున్నగా వచ్చినా గేటు దాటదు. ఎర్రరంగు డబ్బాలోకి పోతుంది. పొద్దస్తమానం ఊరివాళ్ళ పేర్లు కొట్టేవాడికి, తన గుర్తుతో ఒక్క వస్తువైనా బజారులో ఉండాలని కోరిక పుట్టడంలో తప్పేముంది?

పాత లాప్‌టాప్ ఒకటి కొని, వీడియోలు చూసి నేర్చుకుని, సెల్‌ఫోన్లో ఆడుకునే అష్టాచెమ్మా తయారు చేశాడు. చేశాడు అంటున్నాను గానీ సగం అతని భార్య బిందుప్రియది. మన తెలుగునాట ఒడిశా సరిహద్దు వైపు పిల్ల, పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది. మా వీధిలో నా దగ్గర వారపత్రికలు అడిగి తీసుకుని, మళ్ళీ నలగకుండా తెచ్చి ఇచ్చిన మనిషి ఆవిడొక్కతే. పటం ఆవిడే నేల మీద సుద్దతో గీసింది, దాన్నే ఫొటో తీసి ఆటలో పెట్టారు. ఆటలో మాటలు కూడా ఆవిడవే. రికార్డు చెయ్యడానికి వంటింట్లో ఫ్యాను ఆపి, గచ్చు మీద కూర్చుని చెప్పింది. ఆడేవాళ్ళు ఆలస్యం చేస్తే, "ఏటి, నిద్దరోతన్నావేటి? గవ్వలెయ్యి!" అంటుంది. కాయ చచ్చిపోతే, "అయ్యో, పోయిందా? పర్నేదులే, మల్లీ ఇంటికాణ్ణించి రా" అంటుంది. విన్నప్పుడు నేను పడీపడీ నవ్వాను. నన్ను నవ్వించడం అంత తేలిక కాదు.

అప్పటికే బిందుకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. పిల్లలు లేరు. ఆవిడ పెద్దగా ఏమీ కోరలేదు. ముక్కూ ముఖం తెలియని మనిషి ఒక్కరు తన మాట విని నవ్వారని తెలిస్తే చాలంది.

ఆట స్టోరులోకి, అంటే జనం ఫోన్లలోకి ఆటలు దించుకునే చోటికి, ఎక్కింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి ఆటలకు వెనక ఉండి నడిపించేదాన్ని ఇంజిన్ అంటారట. అమర్ వాడింది ఉచితంగా ఇచ్చేది. ఉచితం కాబట్టి ఆట తెరవగానే ఆ ఇంజిన్ వాళ్ళ గుర్తు రెండు సెకన్లు కనిపించి తీరుతుంది. ఆ తర్వాతే బిందు పటం, బిందు గొంతు.

ఆ రెండు సెకన్లు అమర్‌కి ముల్లులా గుచ్చుకున్నాయి. షెడ్డులో పక్క మెషిన్ మీద పనిచేసే బలరామ్ ఆట తెరిచి, "అరే, యే తో కిసీ ఔర్ కా మాల్ హై" అన్నాడు, ఇది ఇంకెవరిదో సరుకని. రెండు మూడు వారాలకు కూడా రెండొందల మంది మించి దించుకోలేదు. కింద హిందీలో ఒకడు 'ఫ్రీ ఇంజిన్ కా మాల్' అని రాసి ఒక్క నక్షత్రం ఇచ్చాడు. ఆ కిందివి తెలుగులో ఉన్నాయి, అన్నిటికీ రెండేసి నక్షత్రాలు. తెలుగు అమర్‌కి చదవటం రాదు. తర్జుమా చెయ్యమంటే ఫోనే చేస్తుంది, కానీ నొక్కలేదు. రెండు నక్షత్రాలు ఇచ్చినవాడు తిట్టక పొగుడుతాడా అనుకున్నాడట.

బిందు అప్పుడు జ్వరంతో ఆస్పత్రిలో ఉంది. "ఎవలైనా ఇన్నారేటి?" అని అడిగింది.

"ఎవలూ ఇన్లేదు. ఆ బొమ్మ సూసే ఎల్లిపోతన్నారు. నువ్వు సూడకు, అన్నీ తిట్లే" అన్నాడు అమర్.

ఆవిడ ఇంటికొచ్చేలోగా ఆటను స్టోరులోంచి తీసేశాడు. తప్పు గుర్తు పడిన ముక్క గేటు బయట ఉండకూడదు కదా. ఈ సంగతి బిందు నాతో చెబితే ఒళ్ళు మండింది. వీధిలో సైకిల్ ఆపించి మరీ దులిపాను. "సినిమా మొదట్లో వచ్చే సర్టిఫికెట్ చూసి హాల్లోంచి లేచిపోయేవాణ్ణి ఎక్కడైనా చూశావా? ఉంచరా దాన్ని!" అన్నాను. వాడు నేల చూస్తూ, "మీకు తెల్దు టీచరమ్మా" అన్నాడు. వేళ్ళు వెనక్కి పెట్టుకున్నాడని నాకు ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

తర్వాత పదకొండు నెలలు, ఏ గుర్తూ పెట్టమని అడగని ఇంకో ఇంజిన్ మీద ఆటంతా మొదటినుంచీ కట్టాడు. డ్యూటీ నుంచి రావడం, స్నానం, లాప్‌టాప్. పక్కన మంచం మీద బిందు. మాటలు కూడా కొత్తగా చెప్పించాలనుకున్నాడు. పాతవాటిలో పక్కింటి కుక్కర్ కూత పడిందట, మచ్చ ఉన్న ముక్క పనికిరాదట. కానీ బిందుకి అప్పటికి నాలుగు మాటలు వరసగా చెప్పే ఊపిరి లేదు. "పాతయ్యే ఉంచీవయ్యా" అంది. వాడు ఉంచలేదు. ఆవిడ మాట ఉండాల్సిన చోట గంట మోగేలా పెట్టాడు.

శ్రావణంలో బిందు పోయింది. పోయే ముందు రోజు కూడా అడిగింది, "ఎవలైనా ఇన్నారేటి?" అని. కొత్తది వచ్చాక వింటారన్నాడు. అందులో గంటే ఉందన్న సంగతి ఆవిడకు చెప్పలేదు.

కర్మలయ్యాక కొత్త ఆట స్టోరులో పెట్టాడు. తెరవగానే పెద్ద అక్షరాలతో 'అమర్' అని వస్తుంది. ఎవరి గుర్తూ లేదు. నెలన్నరలో దించుకున్నవాళ్ళు తొమ్మిది మంది. అందులో నేనొకదాన్ని, బలరామ్ ఒకడు.

ఒక ఆదివారం పొద్దున నేను సంఘం హాలు ఊడుస్తున్నాను. అక్షరాలకు ఇప్పుడెవరూ రారు, అయినా తాళం నా దగ్గరే ఉంది. గుమ్మంలో అమర్ నిలబడ్డాడు. పాతికేళ్ళ తర్వాత ఆ గుమ్మం ఎక్కడం అదే మొదలు.

"టీచరమ్మా, పాత ఆట కింద తెలుగులో ఏటో రాసినారు. ఆట తీసీసినా అయ్యి నా ఖాతాలో ఉండిపోనాయి. తిట్లయినా పర్నేదు. ఆవిడ గురించి ఏటైనా ఉందేమో సదవండి" అని ఫోన్ ఇచ్చాడు.

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. మొదటిది మనసులోనే చదువుకున్నాను. అబద్ధం చెప్పేద్దామా అనిపించింది. తిట్లేరా, బొమ్మ బాగాలేదన్నారు అంటే చాలు, వీడు పదకొండు నెలలు చేసింది తప్పు కాకుండా పోతుంది. వాడి ముఖం చూసి ఆ పని చెయ్యలేకపోయాను. పైకి చదివాను.

'ఆట అయిపోగానే ఆ అమ్మ మాట ఆగిపోతోంది. ఇంకా మాట్లాడించండి, అప్పుడు ఐదు నక్షత్రాలు ఇస్తాను.'

'వెనక కుక్కర్ కూత వినిపించి, స్టవ్ ఆపడానికి లేచాను. నవ్వాగలేదు. పిసినారితనం చేశారు, ఆవిడవి ఇంకా మాటలు పెట్టాల్సింది.'

'మొదట ఆ బొమ్మ కనపడితే చాలు, మా అత్తగారు పని మానుకుని వచ్చి కూర్చుంటారు, అమ్మాయి మాట్లాడబోతోందని. రోజూ అవే మాటలు, కొత్తవి కావాలంటున్నారు.'

'ఆ అమ్మ పేరేమిటి? రాయలేదే?'

చివరిది చదివాక ఫోన్ వాడి చేతికిచ్చాను. అమర్ ఆ చివరి అక్షరాల మీద వేలు పెట్టాడు.

"ఎవలూ ఇన్లేదని సెప్పినాను. అడిగినప్పుడల్లా అదే సెప్పినాను టీచరమ్మా."

నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఆ స్కేలు దెబ్బ నేను కొట్టకపోతే వీడు ఐదో ఆదివారం వచ్చేవాడు. గుణింతాలు వచ్చేవి. ఆస్పత్రిలో ఆ మంచం పక్కన కూర్చుని ఈ నాలుగు ముక్కలు వీడే చదివి వినిపించేవాడు. ఈ మాట వాడితో పైకే అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. ఊపినా నా మనసు ఒప్పుకోలేదు.

"పేరు అడిగారు కదరా. ఆటలో బిందు పేరు ఎక్కడుంది?"

"ఎక్కడా నేదు" అన్నాడు. మొదటిదాని మీద ఇంజిన్ వాళ్ళది, రెండోదాని మీద అతనిది. ఎవరి పేరు ముందుండాలో అని అంత కొట్టుకున్నవాడికి ఆ పేరు ఒక్కసారి కూడా తట్టలేదు.

జవాబు తనే రాస్తానన్నాడు. బోర్డు మీద సుద్దతో రాసి చూపించాను. ఫోన్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: బిందుప్రియ. ఆ ఒక్క పేరుకి పావుగంట పట్టింది.

"బిందు పోయిందని కూడా రాయనా?" అని అడిగాను.

"వొద్దు. ఆళ్ళకాడైనా ఉండనీ" అన్నాడు.

పాత ఆటను ఉన్నదున్నట్టు మళ్ళీ స్టోరులో పెట్టాడు. ఎంతమంది దించుకున్నారో ఇంతవరకూ నేనూ అడగలేదు, వాడూ చూసినట్టు లేదు. అది స్టోరులోకి వచ్చిన రోజున హాల్లో నా ముందే దించుకుని తెరిచాడు. ఇంజిన్ వాళ్ళ గుర్తు వచ్చింది. ఆ రెండు సెకన్లూ ఇద్దరం దాన్నే చూశాం. తర్వాత సుద్దతో గీసిన పటం వచ్చింది. అమర్ గవ్వల మీద వేలు పెట్టబోయి తీసేశాడు.

"ఏటి, నిద్దరోతన్నావేటి? గవ్వలెయ్యి!" అంది బిందు.

వాడు వెయ్యలేదు. వేస్తే ఆట మొదలవుతుంది, మొదలైతే అయిపోతుంది. కాసేపాగి ఆవిడ మళ్ళీ అడిగింది.